ప్రశ్న మనవరాలిది, కథ తాతయ్యది: ఇంటి చరిత్రను పిల్లలతో కలిసి ఎలా పోగుచేయాలి

మా నాన్న కుడిచేతి బొటనవేలు కొంచెం వంకర. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఎందుకు వంకరపోయిందని ఒక్కసారీ అడగలేదు. పుట్టినప్పటి నుంచి కళ్ల ముందున్న దాని గురించి అడగాలనే తోచదు. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు తాతయ్య ఒళ్లో కూర్చుని ఆ వేలు పట్టుకుని, "తాతయ్యా, ఇదేంటి ఇలా వంగిపోయింది?" అంది. ఆయన పద్నాలుగో ఏట బడి అయ్యాక సైకిళ్లు బాగుచేసే కొట్లో పనిచేశారని, గొలుసులో వేలు పడిందని, ఇంట్లో తెలిస్తే పని మాన్పిస్తారని వారం రోజులు చెయ్యి జేబులో పెట్టుకు తిరిగారని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. ఆ డబ్బు చెల్లెలి పుస్తకాలకట. మా మేనత్తను అడిగితే ఆ పుస్తకాలు ఎలా వచ్చాయో ఆవిడకే తెలియదంది.

అంతకు ఏడాది ముందు నేనే ఆయన్ని కూర్చోబెట్టి ఇంటి చరిత్ర రాద్దామనుకున్నాను. ప్రశ్నలు టైపు చేసుకుని మరీ వెళ్లాను. ఎక్కడ పుట్టారు, ఏ ఏడాది ఏం చదివారు, మీ తాతగారి పేరేమిటి... బోనులో నిలబడ్డ సాక్షిలా ముక్తసరిగా జవాబులిచ్చి, "ఇంకేమైనా ఉన్నాయా?" అని లేచారు. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో సైకిల్ కొట్టు లేదు.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. అడగాల్సింది పిల్లలు, చెప్పాల్సింది పెద్దవాళ్లు, పక్కకు జరగాల్సింది మధ్యలో ఉన్న మనం. మనం చేస్తే కాగితం మీద వివరాలు మిగులుతాయి. పిల్లల చేతికి వదిలితే వివరాలతో పాటు ఆ ఇద్దరి మధ్య చనువు కూడా మిగులుతుంది.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001 ప్రాంతంలో ఇలాంటి సంగతే పరిశీలించారు. పిల్లలకు 20 ప్రశ్నలు ఇచ్చారు. మీ అమ్మానాన్నలు ఒకరికొకరు ఎలా పరిచయమయ్యారో తెలుసా, మీ తాతయ్యలు, అమ్మమ్మలు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇలాంటివి. ఇంటి సంగతులు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు గౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. అలాగని ఆ జవాబులు బట్టీ పట్టిస్తే ఫలితం ఉండదు. డ్యూక్ స్వయంగా ఆ హెచ్చరిక చేశారు. అన్ని సంగతులు ఒక పిల్లకు తెలిశాయంటే ఆ ఇంట్లో ఎన్నోసార్లు కలిసి కూర్చున్నారని, ఎవరో ఓపిగ్గా చెప్పారని, ఆ పిల్ల విన్నదని అర్థం. మనకు కావలసింది ఆ కూర్చోవడం.

ముందు మీ పాత్ర తగ్గించుకోండి

మీ వంతు పనులు మూడు. ఇద్దరినీ ఒకచోట చేర్చడం, చుట్టూ గోల లేకుండా చూడటం, ఆ తర్వాత మాట్లాడకుండా ఉండటం. మూడోది చాలా కష్టం. తాతయ్య ఏడాది తప్పు చెబుతారు. నాయనమ్మ విన్న కథే మళ్లీ ఎత్తుకుంటుంది. పిల్లవాడు కథ మధ్యలో కుక్క గురించి అడుగుతాడు. దిద్దాలని మీ నాలుక దురద పెడుతుంది. ఆపుకోండి.

దీనికి కారణముంది. "అది ఆ ఏడాది కాదు నాన్నా" అని మీరు ఒక్కసారి అందుకున్నారంటే ఆయన చూపు మనవరాలి మీంచి మీ మీదకు మళ్లుతుంది. అక్కడి నుంచి కథ మీకు చెబుతున్నట్టు సాగుతుంది, మీకు తెలుసు కదా అనుకున్నవన్నీ ఆయన దాటేస్తారు. ఏమీ తెలియని పిల్లకు చెప్పేటప్పుడు ఇల్లు ఎలా ఉండేదో, దీపం ఎక్కడ పెట్టేవారో, ఆ మనిషి ఎవరో అన్నీ మొదటి నుంచి చెప్పాలి. మీకు కావలసిన చరిత్రంతా ఆ విడమరచి చెప్పడంలోనే ఉంటుంది. తప్పు ఏడాదిని మీరు విడిగా ఒక చీటీ మీద రాసుకుని తర్వాత సరిచూసుకోవచ్చు.

పెద్దవాళ్లను ఒప్పించేటప్పుడు "మీ జీవితచరిత్ర రికార్డు చేస్తాం" అనకండి. చాలామంది బిగుసుకుపోతారు. "నా జీవితంలో ఏముంది చెప్పడానికి" అంటారు, ముఖ్యంగా అమ్మమ్మలు, నాయనమ్మలు. ఆ మాట నిజమని నమ్మి వదిలేసినవాళ్లు తర్వాత బాధపడటం నేను చూశాను. "మీ చిన్నప్పటి సంగతులు పాప వినాలంటోంది" అంటే చాలు. రికార్డు చేస్తున్న సంగతి మాత్రం దాచకండి. ఎవరెవరికి వినిపించవచ్చో కూడా వాళ్లనే అడగండి.

పిల్లల వయసును బట్టి పని మారుతుంది. నాలుగైదేళ్ల వాళ్లకు ఒక వస్తువు, ఒక కథ, పది నిమిషాలు. ఏడెనిమిదేళ్లు వస్తే సొంత ప్రశ్నలు పుడతాయి, వాటిని మీరు మార్చకండి. పదమూడు దాటినవాళ్లు ఎదురుగా కూర్చుని అడగడానికి సిగ్గుపడతారు. వాళ్లకు రికార్డింగు, ఫోటోల స్కానింగ్, ఆడియో కత్తిరించి సర్దడం అప్పగించండి. ఈ పనిని చిన్నచూపు చూడొద్దు. చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాయనమ్మ గొంతును పదిసార్లు వెనక్కి తిప్పి విన్న కుర్రాడికి, ఆవిడ ఎక్కడ నవ్వుతుందో, ఏ పేరు దగ్గర గొంతు తడబడుతుందో ఇంట్లో అందరికన్నా బాగా తెలుస్తుంది.

ఒక వస్తువు చేతికివ్వండి

"మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ తోచదు. అంత పెద్ద ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పాత తాళంచెవి చేతిలో పెట్టి "ఇది దేనిది?" అంటే నోరు తెరుచుకుంటుంది.

వస్తువును పిల్లనే ఎంచుకోనివ్వండి. విలువైనది అక్కర్లేదు, వాడి అరిగిపోయినదైతే మంచిది. బీరువాలో దాచిన వెండి సామాను కన్నా పిడి విరిగితే తీగ చుట్టి వాడుకున్న కత్తెరకు కథలు ఎక్కువ. కళ్లజోడు డబ్బా, ఆగిపోయిన గడియారం, ఉత్తరాల కట్ట, కుట్టుపెట్టె, బడి సర్టిఫికెట్, మడతల దగ్గర చిరిగిన పటం. అతుకు వేసిన చోటు, గీత పడిన చోటు, రంగు పోయిన చోటు పిల్లల కంటికి ఇట్టే ఆనతాయి. వాళ్లు వాటి గురించే అడుగుతారు. ఒక్కోసారి ఆ వస్తువు మనిషి ఒంటి మీదే ఉంటుంది: ఒక మచ్చ, ఒక నడక, సంతకం పెట్టే తీరు.

ఏ వయసు నాటి వస్తువు తీసుకోవాలన్నది కూడా చూసుకోండి. వయసు మళ్లినవాళ్లను ఏదైనా గుర్తుచేసుకోమంటే 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా పైకి వస్తాయి. ఇది మనస్తత్వ శాస్త్రంలో చాలాసార్లు నిర్ధారణ అయిన సంగతి. మొదటి ఉద్యోగం, మొదటిసారి ఇల్లు వదలడం, మొదటి బిడ్డ, ఇలా జీవితంలోని మొదళ్లన్నీ దాదాపు ఆ వయసులోనే ఉంటాయి కాబట్టి అవి లోతుగా నాటుకుంటాయని చెబుతారు. ఆ కాలపు వస్తువో, పాటో, ఫోటోనో ఉంటే పని తేలిక. అంతకన్నా వెనక్కి, పదేళ్ల లోపు రోజుల్లోకి వెళ్లాలంటే వాసన పట్టుకోండి. పాత పుస్తకం, ఒక రకం సబ్బు, ఇంజను నూనె, తడి మట్టి. వాసన రేపే జ్ఞాపకాలు చాలావరకు బాల్యంలోవే.

ఒక పూటకు ఒకే వస్తువు. కథ అయ్యాక ఎవరిది, ఎప్పటిది, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్న నాలుగు ముక్కలు పిల్లతోనే చీటీ మీద రాయించి, వస్తువుకు దారంతో కట్టించండి. కథ తెలియని వస్తువును తర్వాతి తరం పాతసామానుగా చూసి పారేస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు

వయసుతో వచ్చే చెముడు ముందుగా సన్నటి, పైస్థాయి శబ్దాలను మింగేస్తుంది. స, ష, ఫ లాంటి హల్లులు, పిల్లల సన్నటి గొంతు అందులో పోతాయి. "తాతయ్య నా మాట వినిపించుకోడు" అని పిల్ల అలిగితే తప్పు ఇద్దరిదీ కాదు. అరవమని చెప్పకండి, అరుపు వల్ల మాట స్పష్టం కాదు. ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ, కొంచెం నెమ్మదిగా మాట్లాడమనండి. వెలుగు పిల్ల మొహం మీద పడాలి. కిటికీ పిల్ల వెనకాల ఉంటే పెదవుల కదలిక కనిపించదు. టీవీ, ఫ్యాను, పక్కగది కబుర్లు ఆపేయండి. వినికిడి యంత్రం పెట్టుకున్నా చుట్టుపక్కల చప్పుడులోంచి మాటను ఏరుకోవడం కష్టమే.

ఎంతసేపన్న దానికి ఒక మంచి కొలత ఉంది. డేవ్ ఐసే 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న గది పెట్టి, దగ్గరివాళ్లిద్దరు ఒకరినొకరు ప్రశ్నలడిగి రికార్డు చేసుకునే ఏర్పాటు చేశారు. స్టోరీకోర్ అన్న ఆ సంస్థ ఒక్కో జంటకు ఇచ్చే సమయం 40 నిమిషాలు. పెద్దవాళ్లు అలసిపోకుండా, పిల్లలు విసుక్కోకుండా ఉండటానికి అదే పై హద్దు అనుకోండి. చిన్నపిల్లలైతే అందులో సగం. కథ రసపట్టులో ఉండగా ఆపినా ఫరవాలేదు, మళ్లీ కూర్చోవడానికి అదే సాకవుతుంది.

అడగడం ఎలా

పిల్లలకు ప్రశ్నల జాబితా ఇవ్వకండి. మూడు అలవాట్లు నేర్పండి.

మొదటిది, ఒకసారి ఒకే ప్రశ్న. "ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో" అని గుక్క తిప్పుకోకుండా అడిగితే చివరిదానికే జవాబు వస్తుంది. రెండోది, అవునో కాదో చెప్పి ఊరుకునే ప్రశ్న వద్దు. "బడి ఇష్టమేనా?" అంటే "ఆఁ" అంటారు. "బడికి ఎలా వెళ్లేవారు?" అంటే దారి పొడుగునా చెబుతారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: జవాబు ఆగిన చోట మనసులో పది లెక్కపెట్టమనండి. పెద్దవాళ్లు ఆగింది చెప్పడం అయిపోయి కాకపోవచ్చు. ఒక పేరు కోసమో, ఒక మొహం కోసమో వెతుక్కుంటూ ఉంటారు. ఆ మౌనంలోకి ఇంకో ప్రశ్న తోస్తే ఆ వెతుకులాట తెగిపోతుంది.

సంవత్సరాలు అడిగి ఇబ్బంది పెట్టవద్దు. "అప్పటికి చెల్లెలు పుట్టిందా?", "ఆ ఇంట్లో ఉన్నప్పుడా, ఈ ఇంటికి వచ్చాకా?" అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. మనిషి తన జీవితాన్ని క్యాలెండరుతో గుర్తుపెట్టుకోడు, పుట్టుకలతో, చావులతో, మారిన ఇళ్లతో గుర్తుపెట్టుకుంటాడు.

నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. పెద్ద తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి, వాళ్లు పెరిగిన ఇంటి ప్లాను గీయమనండి. బొమ్మ రాదని మొదట వెనకాడతారు, నాలుగు గీతలు చాలని చెప్పండి. వాకిలి గీస్తారు, గదులు గీస్తారు, తలుపు ఎటు తెరుచుకునేదో ఆలోచిస్తారు. అప్పుడు పిల్ల వేలితో ఆ గీతల మధ్య నడుస్తుంది. "నువ్వు ఎక్కడ పడుకునేదానివి అమ్మమ్మా?" "ఈ గదిలో ఎవరు?" "రాత్రి ఇక్కడి నుంచి ఇక్కడికి వెళ్లాలంటే భయం వేసేది కాదా?" ప్రతి గది తలుపు వెనకాలా ఒక మనిషి ఉంటాడు. మా అమ్మ అలా గీస్తూ గీస్తూ ఒక మూల దగ్గర పెన్సిలు ఆపేసింది. అది ఆమె తమ్ముడి మంచం ఉండే చోటు. తొమ్మిదేళ్లకే పోయాడట. మాకు అలాంటి మేనమామ ఒకరు ఉండేవారని అంతవరకూ తెలియదు. మా అమ్మాయి ఏమీ అనకుండా ఆ మూలలో చిన్న మంచం బొమ్మ వేసి, పక్కన ఆ అబ్బాయి పేరు రాయమని పెన్సిలు అమ్మమ్మకు తిరిగి ఇచ్చింది. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకున్నాం.

ఒకే కథ పదిసార్లు చెప్పడం గురించి కూడా ఒక మాట. దాన్ని చాదస్తమని కొట్టిపారేయడం మనకు అలవాటు. రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు 1963లో దీన్ని వేరుగా చూశారు. వృద్ధాప్యంలో గడిచిన జీవితాన్ని తిరిగి తిరిగి తలచుకోవడం సహజమని, జరిగినదానితో సమాధానపడటానికి మనసు చేసుకునే పని అదని ఆయన వాదించారు. అంటే ఏ కథ మళ్లీ మళ్లీ వస్తోందో, ఆ మనిషికి అందులో ఇంకా తేలనిది ఏదో ఉందన్నమాట. పిల్లకు నేర్పండి: పాత కథ వచ్చినప్పుడు "ఇది చెప్పావుగా" అనకుండా, లోపల కొత్త తలుపు తట్టాలి. "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" "ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మకు ఏం చెప్పావు?" కథ పక్కదారి పట్టి, ఎవరూ వినని చోటికి వెళుతుంది.

పిల్ల కూడా తన సంగతి చెప్పాలి. ఎప్పుడూ ఒకవైపు నుంచే అడిగితే అది విచారణ అవుతుంది. తాతయ్య తొలిసారి ఇల్లు వదిలిన కథ చెబితే, మనవడు బడిలో కొత్త తరగతిలో కూర్చున్న మొదటిరోజు ఎలా ఉందో చెబుతాడు. రెండూ ఒకే రికార్డింగులో ఉండనివ్వండి.

రికార్డింగు

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు. బల్ల మీద నేరుగా కాకుండా మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్లకు మూరెడు దూరంలో ఉంచండి. మొదలుపెట్టగానే తేదీ, చోటు, ఇద్దరి పేర్లు పిల్లతో పలికించండి. వీడియో కన్నా నాకు ఆడియోనే నచ్చుతుంది. కెమెరా కనిపిస్తే పెద్దవాళ్లు జుట్టు సర్దుకుంటారు, మాటలూ సర్దుకుంటారు. చేతిపని చూపించేటప్పుడు మాత్రం వీడియో కావాలి.

ఫైలు పేరు ఏడాది, నెల, తేదీ వరసలో పెట్టి, తర్వాత మనిషి, విషయం రాయండి. అప్పుడు కంప్యూటర్‌లో అవే కాలక్రమంలో సర్దుకుంటాయి. ప్రతులు మూడు ఉండాలి, అవి కనీసం రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఫోన్, ఇంట్లో హార్డ్‌డిస్క్, వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఇంకో ప్రతి, అంతే. పాత క్యాసెట్లు ఇంట్లో ఉంటే వాటిని ముందు డిజిటల్‌లోకి మార్పించండి. మాగ్నెటిక్ టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, ఆడించే యంత్రాలు కూడా దొరకడం తగ్గిపోతోంది.

ఫోటోల పెట్టె

ఇందులో ఆలస్యం చేయకండి. ఫోటోలో ఉన్న మొహాలకు పేర్లు చెప్పగలిగే చివరి మనిషి మీ ఇంట్లో ఎవరో ఒకసారి ఆలోచించండి. ఆ మనిషి తర్వాత ఆ ఫోటోలోవాళ్లు ఎవరో చెప్పేవాళ్లే ఉండరు.

పెట్టె మొత్తం ఒకేసారి కుమ్మరించకుండా ఒక పూటకు పది ఫోటోలు తీయండి. చేతులు కడిగి బాగా తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకోవాలని పిల్లలకు చెప్పండి. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయకూడదు, ఒత్తిడికి ముందువైపు గీతలు లేస్తాయి, సిరా దిగుతుంది. మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, గట్టి బల్ల మీద పెట్టి తేలిగ్గా రాయాలి. వెనకవైపు నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటోల మీద పెన్సిలు పడదు. వాటికి ఒక అంకె ఇచ్చి, వివరాలు నోటుబుక్కులో అదే అంకె కింద రాయండి. టేపు అంటించడం, లామినేషన్ చేయించడం అసలే వద్దు.

జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోను పీకబోతే చిరుగుతుంది. పేజీ మొత్తాన్ని అలాగే ఫోటో తీసుకోండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా తీస్తే మెరుపు రాదు. స్కానర్ ఉంటే మామూలు చిన్న ఫోటోలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), కాగితాలకు 300 డీపీఐ సరిపోతాయి. అసలు ఫోటోలను పడేయకండి. చెమ్మ, వేడి తగలని చోట, పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేయని కవర్లలో దాచండి.

పేర్లు రాసుకుంటూ పోవడంతోనే ఆగవద్దు. పిల్లను అడగమనండి: "ఈ ఫోటో ఎవరు తీశారు?" "తీసిన తర్వాత అందరూ ఎక్కడికి వెళ్లారు?" "ఇందులో ఉండాల్సినవాళ్లు ఎవరు లేరు?" ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు నన్ను చాలాసార్లు ఆశ్చర్యపరిచాయి.

చేతిపని చేతుల్లోకి

మాటల్లోకి రాని వారసత్వం కూడా ఉంటుంది. ముడి వేయడం, కుట్టు వేయడం, రంపం పట్టడం, మొక్క అంటుకట్టడం, ఒక జోలపాట. యునెస్కో 2003 ఒప్పందం ఇలాంటివాటిని కూడా వారసత్వంగానే గుర్తించింది. తరం నుంచి తరానికి అందుతూ, అందిన ప్రతిచోటా మళ్లీ కొత్తగా రూపుదిద్దుకోవడం దీని లక్షణమని ఆ ఒప్పందం చెబుతుంది. అందుకే మనవడు ముడి కొంచెం వేరుగా వేస్తే వేయనివ్వండి.

నేర్చుకునేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టకండి, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారవుతాయి. పక్కన కూర్చోబెట్టండి. వీడియోలో మొహం కన్నా చేతులు కనిపించాలి. పెద్దవాళ్ల చేతులు నొప్పిపెడుతుంటే వాళ్లు మాటతో చెబుతారు, పిల్ల చేస్తుంది. చెప్పి చేయించేటప్పుడు, తాము చేసేటప్పుడు చెప్పని చిట్కాలు బయటికొస్తాయి.

చెప్పలేని కథలు

ప్రతి ఇంట్లోనూ మూసిన గది ఒకటుంటుంది. అప్పులు, విడిపోవడాలు, యుద్ధాలు, వలసలు, చనిపోయిన బిడ్డలు. పెద్దవాళ్లు చెప్పనంటే అక్కడితో ఆగాలి. "చెప్పడం ఇష్టం లేకపోతే ఫరవాలేదు" అన్న మాటను పిల్లలు ముందే నేర్చుకోవాలి. కన్నీళ్లు వస్తే రికార్డింగు ఆపి, చెయ్యి పట్టుకుని కూర్చోవడమే పిల్ల చేయాల్సిన పని. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అలాగని కష్టాలన్నీ కత్తిరించి, అందరూ గొప్పవాళ్లే అన్న కథ పిల్లలకు ఇవ్వకండి. ఇళ్లలో చెప్పుకునే కథలను డ్యూక్ మూడు రకాలుగా చూశారు. మేము కింది నుంచి పైకి ఎదిగామన్నది ఒకటి, ఒకప్పుడు అన్నీ ఉండేవి, పోగొట్టుకున్నామన్నది ఇంకొకటి. పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం, అయినా కలిసే ఉన్నాం అన్నది మూడోది. పిల్లలకు ఎక్కువ బలమిచ్చేది ఈ మూడోదేనని ఆయన అభిప్రాయం. తాతయ్య వ్యాపారం మునిగిన కథ విన్న పిల్లకు తన పరీక్ష పోయినప్పుడు వెళ్లి ఎవరి పక్కన కూర్చోవాలో తెలుస్తుంది.

రక్తసంబంధం లేని పెద్దవాళ్లను, దత్తత వచ్చినవాళ్లను, మారుతల్లి తరఫు తాతయ్యను పక్కన పెట్టవద్దు. పెంచినవాళ్లందరి కథా ఆ పిల్ల కథే. వంశవృక్షం గీయడం చివరికి ఉంచండి. పేర్లు, గీతలతో మొదలుపెడితే పిల్లలకు అది లెక్కల పాఠంలా ఉంటుంది. అయితే ఒక లెక్క మాత్రం వాళ్లకు నచ్చుతుంది: అమ్మానాన్నలు 2, వాళ్ల అమ్మానాన్నలు 4, ఆ పైన 8. ఇలా పది తరాలు వెనక్కి వెళితే ఆ ఒక్క వరసలోనే 1,024 స్థానాలు. ఇంతమందిలో మనకు పేర్లు తెలిసింది ఎందరివో లెక్కపెట్టమనండి.

మరపు మొదలైనప్పుడు

డిమెన్షియా ఉన్నవాళ్లతో కూడా ఈ పని చేయవచ్చు, పద్ధతి మార్చాలి. "గుర్తుందా?" అన్న మాట పూర్తిగా మానేయాలి. ఆ మాట పరీక్షలా తగులుతుంది, జవాబు రాకపోతే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. "ఈ గడియారం బాగుంది కదా నాయనమ్మా" అని చేతికిచ్చి ఊరుకోవాలి. సాధారణంగా నిన్నటి సంగతులు ముందు పోతాయి, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయి. పాటలు చాలామందిలో ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. మనవరాలిని కూతురి పేరుతో పిలిస్తే దిద్దవద్దని ముందే చెప్పి ఉంచండి. పిల్లలు ఈ మాటను మనకన్నా త్వరగా అర్థం చేసుకుంటారు. పొద్దుటి పూట, కొద్దిసేపు, పది నిమిషాలు చాలు.

దూరంలో ఉన్నవాళ్లకు వీడియో కాల్ ఉంది. అయితే "బాగున్నావా" తర్వాత ఇద్దరికీ మాటలు దొరకవు. వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకుని, ఆ రోజు చూడబోయే ఫోటోను ముందే అటూ ఇటూ పంపుకోండి. కాల్ మొత్తం ఆ ఒక్క ఫోటో చుట్టూనే తిరగాలి. మధ్యమధ్యలో ఉత్తరం కూడా రాయించండి. తాతయ్య చేతిరాత పిల్లకు చేరే దారి అదొక్కటే.

నోటుబుక్కు

చివరికి ఇదంతా ఒక గట్టి అట్ట నోటుబుక్కులోకి చేరాలి. ఎడమ పేజీ పిల్లది, కుడి పేజీ పెద్దవాళ్లది. పిల్ల తను విన్నది తన మాటల్లో రాస్తుంది లేదా బొమ్మ వేస్తుంది. కుడి పక్క తాతయ్యో అమ్మమ్మో సొంత దస్తూరితో ఏదైనా చేరుస్తారు, ఒక్క వాక్యమైనా సరే. కళ్లు ఆనకపోతే వాళ్లు చెబుతుంటే పిల్ల రాసి, కింద సంతకం పెట్టిస్తుంది. ప్రతి పేజీకీ తేదీ ఉండాలి. ఒకే సంగతిని ఇద్దరు వేరువేరుగా చెబితే రెండూ రాయండి, ఎవరు ఏది చెప్పారో పేరు పెట్టండి. పిల్ల రాసిన అక్షరదోషాలు దిద్దకండి.

మా నోటుబుక్కు మొదటి పేజీలో "తాతయ్య బొటనేలు సైకిలు తినేసింది" అని వంకరటింకర అక్షరాల్లో ఉంటుంది. ఎదురు పేజీలో మా నాన్న గొలుసు, పళ్లచక్రం బొమ్మ గీసి, వేలు ఎక్కడ పడిందో బాణం గుర్తు పెట్టారు. కింద ఒక వాక్యం రాశారు: "నొప్పి పుట్టలేదని అమ్మకు చెప్పాను, అబద్ధం." ఆ కింద మా అమ్మాయి ఎర్ర పెన్సిలుతో ఇంకో ప్రశ్న రాసి పెట్టింది: "మరి వాళ్లమ్మకి ఎలా తెలిసింది?" వచ్చే ఆదివారం అడగాలట.